మూడు వందల మీటర్ల లెక్క

మొదటి ప్రపంచ యుద్ధానికి కదిలిన జర్మన్ సైనికుడి గెవేర్ 98 రైఫిలు మీద 2000 మీటర్ల దాకా గురి సర్దుకునే పట్టీ ఉండేది. అతనికి ఎదురు నిలిచిన బ్రిటిష్ సైనికుడి లీ ఎన్‌ఫీల్డ్ మీద 2000 గజాల దాకా అంకెలు చెక్కి ఉండేవి. అంత దూరాన నిలబడ్డ మనిషి మామూలు కంటికి ఆనడమే కష్టం. అయినా ఆ అంకెల్ని ఎవరూ ఊరికే చెక్కించలేదు. పందొమ్మిదో శతాబ్దపు సేనాపతుల లెక్కలో రైఫిలు ఒక మనిషి మరో మనిషికి గురిపెట్టే ఆయుధం కాదు. అధికారి కేక వేస్తే వంద మంది ఒక్కసారి పేల్చాలి. దూరాన బారులు తీరి వస్తున్న దండు మధ్యో, గుర్రపు దళం మధ్యో ఆ గుళ్లు పడాలి. ఎవరిది ఎవరికి తగిలిందన్న ప్రశ్నే లేదు.

అందుకు కావలసిన శక్తి వాళ్లకు అప్పుడప్పుడే చేతికొచ్చింది. 1884లో పాల్ వియేయ్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పొగ రాని తుపాకి మందు తయారుచేశాడు. రెండేళ్లకే, 1886లో, ఫ్రాన్సు ఆ మందుతో లెబెల్ రైఫిలును సైన్యానికిచ్చింది. పాత నల్లమందు పేలితే సైనికుడి ముందు పొగ తెర కట్టేది. కొత్త మందుతో ఆ తెర పోయింది, గుండు వేగం బాగా పెరిగింది. పదేళ్లు తిరక్కముందే పెద్ద సైన్యాలన్నీ అదే బాట పట్టాయి. జర్మనీ 7.92 మిల్లీమీటర్ల తూటాను, రష్యా 7.62ను, బ్రిటన్ 7.7ను ఎంచుకున్నాయి. ఈ 7.7నే అంగుళాల లెక్కలో మన పోలీసులు, మన పల్లెలు దశాబ్దాల పాటు త్రీనాట్‌త్రీ అని పిలిచారు.

అసాల్ట్ రైఫిలు అనగానే వంపు తిరిగిన మ్యాగజైనుతో ఒక తుపాకి రూపం కళ్ల ముందుకొస్తుంది. దాని పుట్టుక గురించి రాసిన పుస్తకాలు కూడా ఎక్కువగా తుపాకి చుట్టూ, దాన్ని గీసిన మనిషి చుట్టూ తిరుగుతాయి. నా దృష్టిలో అసలు కథ తూటాది. తూటాకు ఎంత శక్తి కావాలన్న ప్రశ్నకు సైన్యాలు కొలిచి జవాబు చెప్పుకోవడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. కొలిచాక కూడా ఆ జవాబును పక్కనపెట్టిన సందర్భాలున్నాయి. వాటికి ప్రాణాలతో మూల్యం చెల్లించింది మాత్రం ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్లు కాదు.

ముందు తూటా నిర్మాణం చూద్దాం. ఇత్తడితోనో ఉక్కుతోనో చేసిన తొడుగు, దాని మూతి దగ్గర బిగించిన గుండు, లోపల మందు, అడుగున చిన్న ప్రైమరు. ట్రిగర్ నొక్కితే సూది వెళ్లి ప్రైమరును కొడుతుంది. మందు అంటుకుని వాయువుగా మారుతుంది, ఆ ఒత్తిడికి గుండు బ్యారెల్ వెంట ముందుకు పోతుంది. పడవలోంచి ఒడ్డుకు దూకితే పడవ వెనక్కి జరిగినట్టే, గుండు ముందుకు పోతే తుపాకి వెనక్కి తంతుంది. న్యూటన్ మూడో సూత్రం అదే. ఎంత బలంగా తంతుందో తెలియాలంటే గుండు బరువును దాని వేగంతో గుణించాలి. త్రీనాట్‌త్రీ గుండు బరువు 11.3 గ్రాములు, వేగం సెకనుకు 744 మీటర్లు. గుణిస్తే 8.4 వస్తుంది. తుపాకి బరువు 4 కిలోలనుకుంటే అది సెకనుకు 2 మీటర్లకు పైగా వేగంతో భుజం మీదికి వస్తుంది. గుండు వెనకే దూసుకొచ్చే వాయువుల తన్ను దీనికి అదనం.

ఒక్కో గుండూ కాల్చి, బోల్టు చేత్తో వెనక్కి లాగి, మళ్లీ గురి చూసుకునే సైనికుడికి ఆ దెబ్బ భరించదగ్గదే. అదే తూటాను నిమిషానికి 600 చొప్పున కాల్చాలంటే సంగతి వేరు. సెకనులో పదో వంతుకొకసారి ఆ తన్ను భుజానికి తగులుతుంది. తుపాకి పిడి భుజం మీద, బ్యారెల్ అంతకంటే కొంచెం ఎత్తున ఉంటాయి కాబట్టి ప్రతి దెబ్బకూ మూతి పైకి లేస్తుంది. అది కిందికి దిగేలోగా తర్వాతి గుండు వెళ్లిపోతుంది. మొదటి గుండు గురికి తగిలినా, మూడోది మనిషి తల మీదుగా పోతుంది. తుపాకి బరువు పెంచి దీన్ని అదుపు చేయొచ్చు. కానీ అప్పుడది ఇద్దరు మోసే మెషిన్‌గన్ అవుతుంది.

కందకాల యుద్ధం ఈ చిక్కును ముందుకు తెచ్చింది. కందకంలోకి దూకినవాడికి శత్రువు ఐదు మీటర్ల దూరంలో ఉంటాడు. పొడవాటి రైఫిలు తిప్పడానికే చోటుండదు. 1918లో జర్మన్లు ఎంపీ 18 అనే చిన్న తుపాకిని రంగంలోకి దించారు. దాన్ని గీసింది హ్యూగో ష్మైసర్. అది పిస్తోలు తూటాను వరసగా కాలుస్తుంది. తన్ను తక్కువ, కానీ వంద మీటర్లు దాటితే గుండులో సత్తువ ఉండదు. ఆ రకం తుపాకుల్నే సబ్‌మెషిన్‌గన్లన్నారు. అప్పటినుంచి పాతికేళ్ల పాటు సైనికుడి ముందు రెండే దారులు. మొదటిది, రెండు కిలోమీటర్లు పోయే గుండును ఒక్కొక్కటిగా కాల్చే రైఫిలు. రెండోది, వంద మీటర్లలోనే పనికొచ్చే గుళ్లను వరసగా కాల్చే సబ్‌మెషిన్‌గన్. నిజమైన పోరు ఎక్కువగా జరిగే దూరం ఈ రెంటి మధ్యలో ఉంది. దానికి సరిపడే ఆయుధం ఎవరి చేతిలోనూ లేదు.

ఒక్క రష్యన్ ఇంజనీరు ఈ సంగతి చాలా ముందే పట్టుకున్నాడు. వ్లదిమిర్ ఫ్యోదొరోవ్ తయారుచేసిన స్వయంచాలక రైఫిలు 1916లో రొమేనియా సరిహద్దుల్లో ఒక చిన్న దళం చేతికెళ్లింది. రష్యన్ తూటా దానికి మరీ బలమైపోవడంతో, తన్ను తక్కువగా ఉండే జపాన్ వారి 6.5 మిల్లీమీటర్ల తూటాను వాడాడు. యుద్ధ అవసరాల కోసం జపాన్ రైఫిళ్లనూ తూటాలనూ రష్యా అప్పటికే పెద్ద ఎత్తున కొని ఉంది, అది కలిసొచ్చింది. విప్లవం, అంతర్యుద్ధం దాటుకుని 1920ల మధ్య దాకా సుమారు 3200 తయారయ్యాయి. తర్వాత దాన్ని ఆపేశారు. ఆలోచన సరైనదే, దానికోసమే పుట్టిన తూటా లేదు.

ఆ తూటా జర్మనీలో పుట్టింది. మాగ్డెబర్గ్ నగరంలోని పోల్టె సంస్థ పాత 7.92 తూటా తొడుగును 57 మిల్లీమీటర్ల నుంచి 33కు కుదించింది. గుండు వ్యాసం మారలేదు కాబట్టి బ్యారెల్ తయారీ యంత్రాలు మార్చక్కర్లేదు. గుండు బరువు 8 గ్రాములకు తగ్గింది, వేగం సెకనుకు 685 మీటర్లు. బరువును వేగంతో గుణిస్తే పాత జర్మన్ తూటాకు 9.7 వచ్చేది, దీనికి 5.5 చాలు. శక్తిలో చూస్తే 3600 జౌళ్ల నుంచి 1900కు దిగింది. ఈ సగం శక్తి కూడా మూడు నాలుగు వందల మీటర్ల దాకా సరిపోతుంది. అంతకుమించి సైనికుడు చూసి కాల్చేదే అరుదు. పైగా తూటా తేలికైంది, తక్కువ ఇత్తడి, తక్కువ మందు చాలు. ఒక దేశపు ఖనిజాలన్నీ యుద్ధానికి ఊడ్చుకుపోతున్న కాలంలో అది చిన్న లాభం కాదు.

ఈ తూటాకు తుపాకి గీసే పని జూల్ పట్టణంలోని హేనెల్ సంస్థకూ, వాల్తర్ సంస్థకూ అప్పగించారు. హేనెల్ తరఫున గీసింది మళ్లీ ఆ హ్యూగో ష్మైసరే. 1942లో నమూనాలు యుద్ధరంగానికెళ్లాయి. ఉక్కు దిమ్మను గంటల తరబడి తొలిచే పద్ధతి మానేసి, ఉక్కు రేకును అచ్చులో నొక్కి చాలా భాగాలు చేశారు. కొత్త తూటా అంటే కొత్త సరఫరా గొలుసు అని హిట్లర్ దీనికి ఒప్పుకోలేదు. ఆయుధ శాఖ ఊరుకోలేదు. దాన్ని సబ్‌మెషిన్‌గన్ల జాబితాలో చేర్చి ఎంపీ 43 అని పేరు పెట్టి తయారీ సాగించింది. తూర్పు రంగం నుంచి అవే కావాలని దళాలు పట్టుబట్టాక హిట్లర్ దిగొచ్చాడు. 1944లో అది ష్టుర్మ్‌గెవేర్ 44 అయింది. యుద్ధం ముగిసేలోగా నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. భుజాన ఆనించి కాల్చేది, మధ్యరకం తూటా వాడేది, ఒక్కొక్కటిగానూ వరసగానూ పేలేది, తీసి మార్చుకునే మ్యాగజైను ఉండేది. ఈ నాలుగు లక్షణాలూ అక్కడ ఒకచోట కుదురుకున్నాయి. నేటికీ అసాల్ట్ రైఫిలును గుర్తించేది వీటితోనే.

సోవియట్లు ఆ తుపాకులనూ తూటాలనూ యుద్ధంలోనే చేజిక్కించుకుని చూశారు. 1943లోనే యెలిజారొవ్, స్యోమిన్ అనే ఇంజనీర్లు 7.62 మిల్లీమీటర్ల వ్యాసంతో పొట్టి తూటా రూపొందించారు. తర్వాత దాని తొడుగు పొడవు 39 మిల్లీమీటర్ల దగ్గర స్థిరపడింది. దానికి తగ్గ తుపాకి కోసం పోటీ పెట్టారు. మొదట ముందున్న అలెక్సేయ్ సుదాయెవ్ 1946లో చనిపోయాడు. ఆ పోటీలో చివరికి నెగ్గినవాడు సార్జెంటు మిఖయీల్ కలాష్నికోవ్. ఆల్టయ్ ప్రాంతంలోని కూర్యా గ్రామంలో 1919లో పుట్టాడు. కులక్కులని, అంటే సంపన్న రైతులని ముద్ర వేసి 1930లో ఆ కుటుంబాన్ని సైబీరియాలోని మారుమూలకు తరిమారు. పెద్ద చదువుల్లేవు. ట్యాంకు దళంలో ఉండగా 1941 అక్టోబరులో బ్ర్యాన్‌స్క్ దగ్గర గాయపడి, ఆసుపత్రి మంచం మీద తుపాకుల బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు.

సోవియట్ ప్రచారం దీన్ని ఒంటరి మేధావి కథగా మలిచింది. అది పూర్తి నిజం కాదు. 1947లో కొవ్రొవ్‌లో అలెగ్జాందర్ జైత్సెవ్‌తో కలిసి తన నమూనాను దాదాపు మొదటినుంచి తిరగగీశాడు. పోటీదారుల తుపాకుల్లోని మంచి పోకడలు కూడా అందులోకి వచ్చాయి. యుద్ధం తర్వాత ష్మైసర్‌ను సోవియట్లు ఇజెవ్‌స్క్‌కు తీసుకెళ్లి 1952 దాకా ఉంచుకున్నారు కాబట్టి కలాష్నికోవ్ తుపాకి ఏకే 47 ష్మైసర్ పనేనని అనేవాళ్లూ ఉన్నారు. రెండు తుపాకులూ విప్పి చూస్తే ఆ వాదన నిలవదు. జర్మన్ తుపాకిలో బోల్టు వంగి తాళం వేసుకుంటుంది, కలాష్నికోవ్‌లో తిరిగి తాళం వేసుకుంటుంది. ఆ తిరిగే బోల్టుకు దగ్గరి చుట్టం అమెరికన్ గారండ్ రైఫిల్లో దొరుకుతుంది. జర్మన్ల నుంచి వచ్చింది తూటా ఆలోచన. నా లెక్కలో అదే పెద్ద అప్పు.

ఏకే పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. గుండు బ్యారెల్ వెంట పోతుండగా దాని వెనకున్న వాయువులో కొంత పైన ఒక రంధ్రంలోంచి మళ్లి పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్, బోల్టును మోసే దిమ్మ ఒకటే ముక్క. అది వెనక్కి వస్తూ బోల్టును తిప్పి తాళం తీస్తుంది, ఖాళీ తొడుగును లాగి బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు దాన్ని ముందుకు నెడుతుంటే మ్యాగజైను నుంచి కొత్త తూటా లోపలికెళుతుంది. కదిలే భాగం బరువైనది, వేగంగా కదులుతుంది, చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది. మట్టి, ఇసుక, మసి చేరినా ఆ ఊపు వాటిని తోసుకుపోతుంది. తూటా తొడుగు కూడా కొసకు సన్నగిల్లి ఉంటుంది కాబట్టి కాస్త కదలగానే, బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే గది గోడల నుంచి విడివడుతుంది. మ్యాగజైను వంపుకూ కారణం ఆ సన్నదనమే. సన్నగిల్లిన తూటాల్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే వరస వంపు తిరుగుతుంది. బ్యారెల్ లోపల క్రోమియం పూత తుప్పును ఆపుతుంది. ఈ ఒక్క పూత గురించి మళ్లీ మాట్లాడుకోవాలి.

1949లో సోవియట్ సైన్యం దీన్ని అధికారికంగా స్వీకరించింది. రేకు నొక్కి చేసే పద్ధతి మొదట్లో సరిగా కుదరక, ఉక్కు దిమ్మనే తొలిచి చేయాల్సి వచ్చింది. 1959లో ఏకేఎం నమూనాతో రేకు పని పట్టుబడింది. మ్యాగజైను లేకుండా బరువు 3.1 కిలోలకు దిగింది. చైనాతో సహా మిత్రదేశాలకు సోవియట్లు తయారీ విద్య కూడా ఇచ్చేశారు. అక్కడినుంచి లెక్క ఎవరి చేతిలోనూ లేదు. ప్రపంచంలోని సుమారు 50 కోట్ల తుపాకుల్లో 10 కోట్ల దాకా కలాష్నికోవ్ కుటుంబానివేనని ప్రపంచ బ్యాంకు 2007లో వెలువరించిన ఒక పరిశోధనా పత్రం అంచనా. మొజాంబిక్ జాతీయ పతాకం మీద కూడా అదే తుపాకి ఉంది.

పశ్చిమ దేశాలు ఇదే పాఠం నేర్చుకోవాల్సింది, కానీ ఆలస్యం చేశాయి. బ్రిటిష్ వాళ్లు మధ్యరకం 7 మిల్లీమీటర్ల తూటాతో ఈఎం-2 అనే రైఫిలు తయారుచేసి 1951లో స్వీకరించారు. అమెరికా సైన్యం పాత శక్తి తగ్గడానికి వీల్లేదని భీష్మించింది. అదే ఏడాది అధికారంలోకొచ్చిన చర్చిల్, నాటో కూటమి ఐక్యత కోసం ఈఎం-2ను పక్కన పెట్టేశాడు. 1954లో నాటో తూటాగా ఖాయమైన 7.62×51 పొడవు కాస్త తగ్గినా, శక్తిలో పాత తూటాకు సాటి. మధ్యరకమన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఆ తూటాను వాడే బెల్జియం రైఫిలు ఎఫ్ఏఎల్ పోలికతోనే మన ఇషాపూర్ కర్మాగారం 1ఏ1ను తయారుచేసింది. 1962 చైనా యుద్ధంలో చాలామటుకు త్రీనాట్‌త్రీలతో పోరాడిన మన సైన్యానికి తర్వాత అందింది ఇదే. తెలుగు పత్రికలు ఎస్ఎల్ఆర్ అని రాసేది దీన్నే.

ఆ రోజుల్లోనే అమెరికా సైన్యం కోసం పనిచేసే ఒక పరిశోధన సంస్థలో నార్మన్ హిచ్‌మన్ అనే ఆయన యుద్ధ గాయాల రికార్డులు, పోరాట దూరాలు, సైనికుల గురి పరీక్షలు ముందేసుకుని కూర్చున్నాడు. 1952లో ఆయన ఇచ్చిన నివేదిక ఈ అధ్యాయానికి గుండెకాయ. పదాతి సైనికుడు 300 గజాలకు మించి రైఫిలు వాడేది అరుదు. తగిలే గుళ్లలో ఎక్కువ భాగం అంతకంటే చాలా దగ్గర్లోనే తగులుతాయి. ఆ హద్దు లోపల చిన్న వ్యాసం గుండు చాలు, దాన్ని ఎక్కువ సంఖ్యలో మోయొచ్చు. సైన్యం ఈ నివేదిక తీసుకుంది, చదివింది, పక్కన పెట్టింది. 1957లో నిండు శక్తి తూటాతో ఎం14 రైఫిలును ఎంచుకుంది. వరసగా కాలిస్తే దాన్ని పట్టుకోవడం సాధ్యం కాదని తర్వాత తెలుసుకుంది. అది ముందే లెక్కకట్టగలిగిన సంగతి. లెక్క వాళ్ల బీరువాలోనే ఉంది కూడా.

హిచ్‌మన్ మాట విన్నది ఒక చిన్న సంస్థ. విమాన తయారీ సంస్థకు అనుబంధంగా ఉన్న ఆర్మలైట్‌లో యూజీన్ స్టోనర్ అనే ఇంజనీరు అల్యూమినియం, ప్లాస్టిక్ వాడి ఏఆర్-15 గీశాడు. గుండు 3.6 గ్రాములే, వేగం సెకనుకు 990 మీటర్లు. బరువు వేగాల లబ్ధం 3.5, అంటే త్రీనాట్‌త్రీలో సగం కంటే తక్కువ. పిడిని బ్యారెల్‌తో ఒకే గీతలో పెట్టడంతో మూతి పైకి లేవడమూ తగ్గింది. ఒక్కో తూటా బరువు 12 గ్రాములు. నాటో తూటా బరువు దానికి రెట్టింపు. అంటే అదే బరువుకు సైనికుడు రెట్టింపు తూటాలు మోస్తాడు. కోల్ట్ సంస్థ హక్కులు కొంది, వైమానిక దళం ముందుకొచ్చింది, వియత్నాంలో పరీక్షలు బాగా వచ్చాయి. రక్షణ మంత్రి మెక్‌నమారా ఒత్తిడితో సైన్యం కూడా ఎం16 పేరుతో తీసుకుంది. ఇక్కడినుంచి జరిగిందాన్ని ప్రతి ఇంజనీరింగు విద్యార్థీ చదవాలని నా కోరిక.

స్టోనర్ ఏకేలా విడి పిస్టన్ పెట్టలేదు. వాయువును సన్నటి గొట్టం గుండా నేరుగా బోల్టు దిమ్మలోకి పంపాడు. బరువు తగ్గింది, గురి మెరుగైంది. కానీ మందు మసి కూడా తుపాకి కీళ్లలోకే చేరుతుంది. అందుకని మందు శుభ్రంగా కాలడం ఈ తుపాకికి ప్రాణావసరం. మొదట వాడింది డ్యూపాంట్ వారి మందు. సైన్యం పెట్టిన వేగం, ఒత్తిడి హద్దుల్లో పెద్ద మొత్తంలో దాన్ని చేయలేమని డ్యూపాంట్ చెప్పింది. 1964లో సైన్యం దాని బదులు ఓలిన్ సంస్థ వారి గోళీ రూపపు మందును అనుమతించింది. ఆ మందులో ఆమ్లాన్ని విరవడానికి కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. అది కాలాక తెల్లటి పొరలా వాయువు గొట్టంలో పేరుకుంది. అదొక్కటే అయితే కొంత నయం. కొత్త మందు వేరే తీరులో కాలడంతో వాయు రంధ్రం దగ్గర ఒత్తిడి పెరిగింది. బోల్టు మరింత జోరుగా, కాస్త ముందుగా తెరుచుకుంది. అప్పటికి ఇత్తడి తొడుగు ఇంకా ఉబ్బి గది గోడలకు అతుక్కునే ఉంటుంది. బోల్టు కొక్కెం దాన్ని పట్టి లాగితే అంచు చిరిగి ఊడొచ్చేది, తొడుగు లోపలే ఉండిపోయేది.

దీనికి వియత్నాం తేమ తోడైంది. గదికి క్రోమియం పూత వేయించలేదు. ఏకేకు సోవియట్లు మొదటినుంచీ వేసిన పూత అది. తుప్పు పట్టి గుంటలు పడ్డ గోడలకు తొడుగు మరింత అతుక్కుంది. దీనికి శుభ్రం చేయడం పెద్దగా అవసరం లేదన్న మాట ఎలాగో సైనికుల్లో పాకింది. శుభ్రం చేసే సామగ్రి కూడా చాలామందికి అందలేదు. లోపల ఇరుక్కున్న తొడుగును తీయాలంటే ముందునుంచి బ్యారెల్లోకి కడ్డీ దూర్చి కొట్టాలి. ఎదురుగా శత్రువు కాలుస్తుంటే చేయగలిగిన పనేనా అది? 1967లో కొండల మీద జరిగిన పోరాటాల తర్వాత సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాలు పత్రికలకెక్కాయి. రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరిపింది.

ఆ విచారణలో బయటపడిన ఒక్క విషయం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. కొత్త మందుతో కాలిస్తే కోల్ట్ తుపాకులు కాల్పుల వేగానికి నిర్దేశించిన హద్దు దాటిపోయి స్వీకార పరీక్షలో తప్పుతున్నాయి. కాబట్టి ఫ్యాక్టరీ పరీక్షలకు పాత మందు తూటాలు వాడుకోవడానికి సైన్యం అనుమతించింది. యుద్ధరంగానికి వెళ్లింది కొత్త మందు. అంటే ఒక తూటాతో పాస్ చేసిన తుపాకిని వేరే తూటాతో కాల్చమని పందొమ్మిదేళ్ల కుర్రాళ్ల చేతికిచ్చారు. తుపాకీ, మందూ రెండూ కలిసే ఒక యంత్రమన్న సంగతి తెలిసినవాళ్లే ఈ అనుమతి ఇచ్చారు. 1967 అక్టోబరు నివేదిక సైన్యం నిర్వాకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. తర్వాత క్రోమియం పూత వచ్చింది, మందులో కాల్షియం కార్బొనేట్ తగ్గించారు, బోల్టు జోరు తగ్గించే కొత్త భాగం పెట్టారు, శుభ్రం చేసే సామగ్రి పంచారు. తుపాకిని ఎలా చూసుకోవాలో చెప్పే బొమ్మల పుస్తకాన్ని కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్ చేత గీయించారు. ఈ మార్పుల తర్వాత ఎం16 నమ్మకమైన ఆయుధమైంది, దాని వారసులు ఇంకా వాడుకలో ఉన్నాయి. ఈ మార్పుల్లో ఒక్కటి కూడా 1964లో అసాధ్యం కాదు.

చిన్న గుండు మనిషి ఒంట్లో ఏం చేస్తుందన్నది వైద్యుల లెక్క. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు థియొడోర్ కోహర్ పందొమ్మిదో శతాబ్దంలోనే గుండు గాయాల మీద ప్రయోగాలు చేశాడు. థైరాయిడ్ పరిశోధనకు 1909లో నోబెల్ అందుకున్నది ఆయనే. అమెరికా సైనిక వైద్యుడు మార్టిన్ ఫ్యాక్లర్ 1980లలో జెలటిన్ దిమ్మల్లోకి గుళ్లు కాల్చి, గాయం తీవ్రతకు వేగం ఒక్కటే కారణం కాదని చూపించాడు. గుండు లోపల ఎంత దూరానికి పక్కకు తిరుగుతుంది, ముక్కలవుతుందా అన్నవి ముఖ్యం. ఏకే గుండు సుమారు 25 సెంటీమీటర్లు సూటిగా పోయాకే తిరుగుతుంది. ఎం16 గుండు 12 సెంటీమీటర్లకే తిరిగి, వేగం మీద ఉంటే ముక్కలవుతుంది. 1979లో జెనీవా సమావేశం చిన్న గుళ్ల ఆయుధాల మీద అధ్యయనాలు జరపాలని తీర్మానించింది. నిషేధం మాత్రం రాలేదు. సోవియట్లు 1974 నాటి ఏకే 74తో 5.45 మిల్లీమీటర్లకు వచ్చేశారు. 1980లో నాటో 5.56ను ప్రమాణంగా తీసుకుంది.

భారతదేశం కూడా 5.56 బాటనే పట్టింది. పుణేలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ రూపొందించిన ఇన్సాస్ రైఫిలు 1990ల చివర్లో సైన్యానికి చేరింది. వెంటనే 1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. ఆ చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని, తుపాకులు ఆగిపోయాయని ఫిర్యాదులొచ్చాయి. చిన్న గుండు శత్రువును గాయపరిస్తే అతన్ని మోయడానికి మరో ఇద్దరు పోరు వదులుతారన్న వాదన ఆ రోజుల్లో తరచూ వినిపించేది. తిరుగుబాటుదారులతో పోరులో అది నిలవదు, గాయపడ్డవాడు కూడా కాలుస్తూనే ఉంటాడు. 2019లో మన సాయుధ బలగాల కోసం నిండు శక్తి 7.62×51 సిగ్ రైఫిళ్లు 72,400 కొన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో రష్యాతో కలిసి ఏకే 203లు ఆరు లక్షలకు పైగా చేసుకోవడానికి 2021లో ఒప్పందం కుదిరింది. అమెరికా సైన్యం 2022లో కవచాల్ని చీల్చడానికి 6.8 మిల్లీమీటర్ల బలమైన తూటాను ఎంచుకుంది. దాంతో సైనికుడు మోసే తూటాలు 210 నుంచి 140కి తగ్గాయి. కవచాల సంగతి కాదనలేం. కానీ మూడు వందల మీటర్ల లెక్కను ఎవరైనా మళ్లీ కొలిచి మార్చారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

ఇక తెలుగు నేల మీదికొద్దాం. మావోయిస్టుల లొంగుబాటు సమావేశాల్లోనో, ఎదురుకాల్పుల తర్వాతో బల్ల మీద తుపాకులు వరసగా పేర్చిన ఫొటోలు మన పత్రికల్లో దశాబ్దాలుగా వస్తున్నాయి. త్రీనాట్‌త్రీ, ఎస్ఎల్ఆర్, ఏకే 47, ఇన్సాస్. ఈ అధ్యాయంలో చెప్పుకున్న నూరేళ్ల చరిత్ర ఆ ఒక్క బల్ల మీద ఉంటుంది. వాటి తూటాలు నాలుగు రకాలు, ఒకదానిది మరొకదానికి ఎక్కదు. ఎస్ఎల్ఆర్, ఏకే రెండింటి గుళ్లనూ 7.62 అనే అంటాం, కానీ ఒకదాని తొడుగు 51 మిల్లీమీటర్లు, రెండోదానిది 39. తుపాకిని జాగ్రత్తగా చూసుకుంటే యాభై ఏళ్లు పనిచేస్తుంది. తూటా ఒక్కసారే పేలుతుంది. కాబట్టి ఏ సాయుధ బృందమైనా తుపాకిని ఒకసారి సంపాదిస్తే చాలు, తూటాలు మాత్రం ఎప్పటికీ ఎవరో ఒకరు సరఫరా చేస్తూనే ఉండాలి.

సైనిక తూటాల అడుగున సాధారణంగా తయారుచేసిన కర్మాగారం గుర్తు, సంవత్సరం ముద్రించి ఉంటాయి. కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రిసెర్చ్ అనే సంస్థ ఇరాక్, సిరియాల్లో ఇస్లామిక్ స్టేట్ నుంచి దొరికిన 1,730 తూటాల అడుగులు చదివి 2014లో నివేదిక ఇచ్చింది. అవి 21 దేశాల్లో, 1945 నుంచి 2014 దాకా తయారైనవి. అంతర్జాతీయ ఆయుధాల వ్యాపార ఒప్పందం అదే ఏడాది డిసెంబరులో అమల్లోకొచ్చింది. దాని ఓటింగులో భారత్ తటస్థంగా ఉంది. తూటాల నిల్వలను తయారీ నుంచి వాడకం దాకా లెక్కలో ఉంచే చట్రాన్ని ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2023 డిసెంబరులో ఆమోదించింది. అది స్వచ్ఛందం, ఏ దేశాన్నీ కట్టడి చేయదు.

కలాష్నికోవ్ చనిపోయేముందు తన చర్చి పెద్దకు రాసిన ఉత్తరం 2014లో బయటికొచ్చింది. తన తుపాకితో పోయిన ప్రాణాలకు తాను బాధ్యుణ్నా అని అందులో అడిగాడు. ఆ బాధ్యతలో పెద్ద వాటా తూటాలు అమ్మినవాళ్లది, పోగొట్టుకున్నవాళ్లది, లెక్క అడగనివాళ్లది. ఇకముందు పత్రికలో తుపాకులు పేర్చిన ఫొటో కనిపిస్తే తుపాకుల సంఖ్య దగ్గరే ఆగకండి. తూటాలు ఎన్ని దొరికాయి, వాటి అడుగున ఏ కర్మాగారం, ఏ సంవత్సరం ఉన్నాయి, అవి ఎవరి నిల్వలోంచి పోయాయి అన్నది కూడా రాయమని మీ పత్రికను అడగండి.